ఎస్‌బీఐఆర్ ప్రపోజల్‌లో టీఆర్ఎల్ రాయడం ఎలా: బీకరు నుంచి చెరువు దాకా

చేపల చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అడుగంటుతుంది. పగలు ఎండ ఉన్నంతసేపూ నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగు బురద కలిసి దాన్ని వాడేసుకుంటాయి. భీమవరం వైపు పెరిగినవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అమెరికా వచ్చాక మిసిసిపీ డెల్టాలో క్యాట్‌ఫిష్ రైతులదీ అదే టెన్షన్ అని తెలిసింది. అందుకే మా చిన్న కంపెనీ పాకుడును ఆపే కోటింగ్ వేసిన, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ చేయాలనుకుంది. దానికోసం, అమెరికా ప్రభుత్వ సంస్థలు చిన్న కంపెనీలకు పరిశోధన డబ్బిచ్చే కార్యక్రమమైన ఎస్‌బీఐఆర్‌కు రాసిన మొదటి ప్రపోజల్ తిరిగొచ్చింది. ఆలోచన మంచిదేనని రివ్యూయర్లు రాశారు. వాళ్లకు నచ్చనిది టెక్నాలజీ ఎంత సిద్ధమైందో చెప్పడానికి నేను రాసిన ఒక్క అంకె: టీఆర్ఎల్ 5.

తెలిసినవాళ్ల చెరువులో ప్రోబ్‌ను మూడు రోజులు వేలాడదీశాం. అసలు చెరువులోనే పనిచేసింది కదా అని 5 వేశాను. ఒక రివ్యూయర్ అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: మూడు రోజుల్లో ఏ ప్రోబ్‌కూ చెప్పుకోదగ్గ పాకుడు పట్టదు, మరి మీ కోటింగ్ పాకుడును ఆపిందని ఈ పరీక్ష ఎలా చెబుతుంది? ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తర్వాతి ప్రపోజల్‌లో 3 అని రాసి, ఆ 3కి ఆధారం చూపించాం. ఈ మార్గదర్శి ఆ రెండు ప్రపోజల్స్ మధ్య నేర్చుకున్నదే.

ముందు ఈ కొలబద్ద సంగతి

టీఆర్ఎల్ అంటే టెక్నాలజీ రెడీనెస్ లెవెల్. ఒక టెక్నాలజీ ఆలోచన దశ నుంచి నిజమైన వాడకం దాకా ఎంత దూరం వచ్చిందో చెప్పే మెట్ల వరుస. దీనికి పుట్టిల్లు నాసా. 1974లో స్టాన్ సాడిన్ ఈ ఆలోచన తెచ్చారు. 1989లో ఏడు మెట్లుగా అచ్చయింది, తర్వాత తొమ్మిదికి పెరిగింది. 1995లో జాన్ మాన్‌కిన్స్ ఒక్కో మెట్టుకూ వివరమైన నిర్వచనం రాశారు. ప్రభుత్వ ఖర్చుల మీద నిఘా పెట్టే అమెరికా సంస్థ జీఏఓ 1999లో సిఫార్సు చేశాక రక్షణ శాఖ కూడా దీన్ని తీసుకుంది. 2014లో మొదలైన యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల పథకం హొరైజన్ 2020తో యూరప్‌లోనూ మామూలైపోయింది. మన దేశంలో బయోటెక్ పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ బిరాక్‌కు రాసేవాళ్లకూ ఈ అంకెతో పని పడుతుంది. మందులకు, వైద్య పరికరాలకు, వ్యవసాయానికి అక్కడ విడివిడి నిర్వచనాలున్నాయి.

మా ప్రోబ్ మీద పెట్టి చూస్తే మెట్లు ఇలా ఉంటాయి. ఫలానా పదార్థం మీద పాకుడు పట్టదని సైన్సు చెబుతోందంటే 1. దాన్ని ఆక్సిజన్ ప్రోబ్ మీద పూయొచ్చని మనకు తట్టి, ఎలాగో కాగితం మీద రాసుకుంటే 2. ఒక గాజు ముక్క మీద పూసి, బీకరులో పెట్టి, కోటింగ్ ఉన్నా ఆక్సిజన్ కొలత తప్పడం లేదని చూపిస్తే 3. కోటింగ్, ప్రోబ్, ఎలక్ట్రానిక్స్ అన్నీ కలిపి ల్యాబ్ తొట్టెలో పనిచేయిస్తే 4. అదే సెటప్ పచ్చటి చెరువు నీళ్లలో, ఎండలో, వారాల తరబడి నిలబడితే 5. రైతుకు ఇవ్వబోయే రూపానికి దగ్గరగా ఉన్న ప్రోటోటైప్ పరిశోధన చెరువులో పనిచేస్తే 6. రైతు సొంత చెరువులో, ఆయన మనుషుల చేతుల్లో పనిచేస్తే 7. తుది రూపంలో తయారై పరీక్షలన్నీ దాటితే 8. కొన్న రైతులు సీజన్ల తరబడి దాన్ని నమ్ముకుని, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు నడుపుతుంటే 9.

ఇందులో 3, 4, 5 మెట్ల దగ్గరే ఎక్కువమంది తడబడతారు.

మొదటి అడుగు: డబ్బిచ్చే సంస్థ ఏ భాషలో అడుగుతోందో చూడండి

ఎస్‌బీఐఆర్ ఒకే పథకం కాదు. 1982 చట్టంతో మొదలైన ఈ కార్యక్రమంలో డబ్బిచ్చేది వేర్వేరు ప్రభుత్వ సంస్థలు, ఏ సంస్థ పద్ధతి దానిది. పని ఫేజ్ 1, 2, 3 అని మూడు దశల్లో సాగుతుంది. నాసా ఫారంలో పని మొదలయ్యేటప్పటి టీఆర్ఎల్, ముగిసేటప్పటి టీఆర్ఎల్ రెండూ అడుగుతారు. రక్షణ శాఖ తనకేం కావాలో ప్రకటించే టాపిక్‌లలో ఏ ఫేజ్ చివరికి ఏం చేతికి రావాలో చాలాసార్లు టాపిక్‌లోనే రాసి ఉంటుంది. సైన్సు పరిశోధనకు డబ్బిచ్చే ఎన్ఎస్ఎఫ్, వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్ఐహెచ్‌లకు అంకె మీద అంత పట్టింపు లేదు, కానీ రివ్యూయర్ మనసులో ఆ ప్రశ్న ఉండనే ఉంటుంది. ముఖ్యంగా ఎన్ఎస్ఎఫ్‌కు సాంకేతిక రిస్క్ ఉన్న పరిశోధన కావాలి. అంతా సిద్ధంగా ఉంది, కొంచెం మెరుగులు దిద్దాలి అన్నట్టు రాస్తే, ఇది పరిశోధన కాదని పక్కన పెడతారు.

డబ్బు రూపం కూడా గమనించండి. నాసా, రక్షణ శాఖ ఎక్కువగా కాంట్రాక్టు ఇస్తాయి, ఎందుకంటే ఆ వస్తువు రేపు వాళ్లకే కావాలి. ఎన్ఎస్ఎఫ్, వ్యవసాయ శాఖ ఇచ్చేది గ్రాంటు. కొనబోయేవాడు చదివే ప్రపోజల్‌లో టీఆర్ఎల్ బరువు ఎక్కువ.

ఇంకో మాట, మనవాళ్లు తరచూ అడుగుతారు కాబట్టి. ఎస్‌బీఐఆర్‌కు కంపెనీలో సగానికి పైగా వాటా సాధారణంగా అమెరికా పౌరులదో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లదో అయి ఉండాలి, ఉద్యోగులు 500 మందికి మించకూడదు. ఆ లెక్క కుదరకపోతే టీఆర్ఎల్ ఎంత బాగా రాసినా లాభం లేదు. ముందు అది సరిచూసుకోండి.

రెండో అడుగు: వస్తువును విడగొట్టండి

మా టెక్నాలజీ టీఆర్ఎల్ 4 అని ఒకే వాక్యంలో రాసేవాళ్లు చాలామంది. వస్తువులో నాలుగైదు భాగాలుంటాయి, ఒక్కోటి ఒక్కో మెట్టు మీద ఉంటుంది. తెల్ల కాగితం తీసుకుని భాగాలన్నీ రాయండి. మా ప్రోబ్‌కు నాలుగు వచ్చాయి: ఆక్సిజన్‌ను బట్టి వెలుగు తగ్గే రంగు పూత, దాని మీద పాకుడు పట్టనివ్వని కోటింగ్, వెలుగును చదివే ఎలక్ట్రానిక్స్, కొలతను గట్టు మీదికి పంపే రేడియో.

ఇందులో రంగు పూత కొత్తది కాదు. వెలుగుతో ఆక్సిజన్ కొలిచే ప్రోబ్‌లు మార్కెట్లో ఏళ్లుగా ఉన్నాయి. రేడియో కూడా కొనుక్కొచ్చిందే. కొత్తది కోటింగ్ ఒక్కటే, అది 3 దగ్గర ఉంది. అలాంటప్పుడు మొత్తం వస్తువు 3 అనే రాయాలి. గొలుసు బలం సన్నటి కొక్కెం దగ్గరే తేలుతుంది. భాగాలను విడదీసి చూడకుండా మొత్తానికి 5 అని రాయడం నేను చేసిన మొదటి తప్పు.

రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది. మార్కెట్లో దొరికే భాగం కదా, అది 9 అని రాసేస్తాం. గోదాంలో పనిచేసే రేడియో చెరువు గట్టు మీద, మంచులో, ఎండలో, నీళ్ల తుంపరలో 9 కాదు. నాసా సిస్టమ్స్ ఇంజినీరింగ్ హ్యాండ్‌బుక్ ఇదే హెచ్చరిక చేస్తుంది: ఇదివరకు అంతరిక్షంలో పనిచేసిన పరికరమైనా, కొత్త అమరికలో, కొత్త వాతావరణంలో పెడితే మెట్టు కిందికి దిగుతుంది, మళ్లీ పరీక్షించి పైకి తేవాలి. కాబట్టి కొన్న భాగాల పక్కన కూడా ‘ఎక్కడ నిరూపితమైంది, మనం ఎక్కడ వాడుతున్నాం’ అని ఒక ముక్క రాయండి.

మూడో అడుగు: ప్రతి భాగానికీ ఐదు ప్రశ్నలు

ప్రపోజల్ మొదలుపెట్టకముందే ఇవి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఏం పరీక్షించాం? ఎన్ని నమూనాలు? ఎంత కాలం? ఎలాంటి పరిస్థితిలో? దేనితో పోల్చి సరి అనుకున్నాం? ఈ ఐదింటికీ జవాబుంటే అంకె దానంతట అదే వస్తుంది.

చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. మా ప్రోబ్ లీటరుకు 6.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ చూపించింది అంటే ఏం తెలుస్తుంది? అదే నీటిని, రసాయనాలతో ఆక్సిజన్ తేల్చే వింక్లర్ టైట్రేషన్‌తో కొలిస్తే ఎంత వచ్చింది? కోటింగ్ వేయని ప్రోబ్ పక్కనే పెడితే అది ఎంత చూపించింది? పోలిక లేని కొలతను రివ్యూయర్ కొలతగా తీసుకోడు. పక్కనే ఉత్త ప్రోబ్ ఒకటి వేలాడదీయడానికి మాకు అదనంగా పట్టేది ఒక తాడు, ఒక గంట. ఆ మూడు రోజుల పరీక్షలో అది చేయలేదు.

ఫెయిలైన పరీక్షలు కూడా రాసుకోండి. రెండో బ్యాచ్ కోటింగ్ అంచుల దగ్గర ఊడిపోయిందని మేం రెండో ప్రపోజల్‌లో దాచకుండా రాశాం, ఎందుకు ఊడిందో మా అంచనా చెప్పి, దాన్ని తేల్చడమే ఫేజ్ 1లో మొదటి పనిగా పెట్టాం. రివ్యూయర్లు మెచ్చుకున్న రెండు మూడు చోట్లలో అదొకటి.

నాలుగో అడుగు: ‘సంబంధిత వాతావరణం’ అంటే ఏమిటో మీరే నిర్వచించండి

ఈ అడుగు దగ్గర ఎంతసేపైనా ఆగొచ్చు. టీఆర్ఎల్ 4కు, 5కు మధ్య గీత గీసేది ఈ మాటే. ల్యాబ్‌లో నిరూపిస్తే 4, సంబంధిత వాతావరణంలో నిరూపిస్తే 5. కానీ ఏది సంబంధిత వాతావరణం? నాసాకు అది శూన్యం, రేడియేషన్, ఎముకలు కొరికే చలి కావచ్చు. మీ వస్తువుకు అదేమిటో మీకంటే బాగా తెలిసినవాళ్లు రివ్యూ చేసే గదిలో ఉండరు. మీరు చెప్పకపోతే రివ్యూయర్ తనకు తోచింది ఊహించుకుంటాడు.

పద్ధతి ఇది. మీ టెక్నాలజీని చెడగొట్టగలిగేవి ఏమేమిటో రాయండి, వాటికి కొలతలు పెట్టండి. మా ప్రోబ్‌కు రాసుకున్నవి ఇవి. నీటి వేడి: వేసవిలో 30 డిగ్రీల సెల్సియస్ పైన. ఆ వేడిలో మంచినీరు పట్టి ఉంచగలిగే ఆక్సిజనే లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. ఆక్సిజన్ ఊగిసలాట: నాచు ఎక్కువైన చెరువులో మధ్యాహ్నం ఆ హద్దు దాటి పైకి పోతుంది, తెల్లవారుజామున 2, 3 మిల్లీగ్రాములకు పడిపోతుంది. రైతు ఏరియేటర్ స్విచ్ వేసేది ఆ అడుగు అంచు దగ్గరే, కాబట్టి ప్రోబ్ కచ్చితంగా ఉండాల్సింది అక్కడ. పైన ఎంత బాగా కొలిచినా ఉపయోగం లేదు. ఇక పాకుడు: నాచు, బ్యాక్టీరియా, బురద కలిసి వారాల్లో పట్టే జిగురు పొర. దీనికి కొలత కాలమే.

ఈ జాబితా పూర్తయ్యాక నా మూడు రోజుల పరీక్షను దాని పక్కన పెట్టి చూశాను. వేడి ఉంది. ఊగిసలాట కొంత ఉంది. పాకుడు లేదు. మేం జయించాలనుకున్న శత్రువు ఒక్కడే, వాడు రాకముందే పరీక్ష ముగించేశాం. చెరువులో పెట్టాం కాబట్టి సంబంధిత వాతావరణం అనుకోవడం అక్కడ తేలిపోయింది. దానికి బదులు, ల్యాబ్ వెనక తొట్టెలో పచ్చటి చెరువు నీళ్లు పోసి, ఎండలో ఆరు వారాలు ఉంచి ఉంటే, ఆ తొట్టెకే సంబంధిత వాతావరణం అనే హక్కు ఎక్కువ ఉండేది. పరీక్ష జరిగిన చోటు పేరు కాదు చూడాల్సింది, టెక్నాలజీని చెడగొట్టేవి అక్కడ ఉన్నాయా అన్నది.

సొంత చెరువు లేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. యూనివర్సిటీల దగ్గర పరిశోధన చెరువులున్నాయి. మిసిసిపీలో స్టోన్‌విల్ కేంద్రం, అలబామాలో ఆబర్న్ యూనివర్సిటీ క్యాట్‌ఫిష్ పనికి పేరున్నవి. మీ రంగంలో అలాంటి చోటేదో వెతికి, సబ్‌కాంట్రాక్టుగా పెట్టుకుంటే ఆ పరీక్షకు బయటివాళ్ల సాక్ష్యం కూడా దొరుకుతుంది.

ఐదో అడుగు: ‘ఇప్పుడెక్కడున్నాం’ పేరా రాయండి

నా మొదటి ప్రపోజల్‌లో ఉన్నది దాదాపు ఇది:

“మా వినూత్న ప్రోబ్ ప్రస్తుతం టీఆర్ఎల్ 5 దశలో ఉంది. నిజమైన చెరువు పరిస్థితుల్లో విజయవంతంగా పరీక్షించాం. ఫలితాలు ఎంతో ఆశాజనకంగా ఉన్నాయి.”

మూడు వాక్యాల్లో ఒక్క ఆధారం లేదు. విజయవంతంగా, ఆశాజనకంగా అన్న మాటలు ఆధారం ఉండాల్సిన చోట కూర్చున్నాయి. ఇప్పుడు రాస్తే ఇలా రాస్తాను (అంకెలు నమూనా కోసం పెట్టినవి, మీవి మీరు పెట్టుకోండి):

“ప్రోబ్ మొత్తంగా టీఆర్ఎల్ 3 దగ్గర ఉంది. ఈ మెట్టును నిర్ణయించేది పాకుడు నిరోధక కోటింగ్. కోటింగ్ వేసిన 6 నమూనాలను, వేయని 6 నమూనాలను బీకరులో 25 డిగ్రీల దగ్గర 10 రోజులు ఉంచాం. లీటరుకు 1 నుంచి 8 మిల్లీగ్రాముల పరిధిలో కోటింగ్ ఉన్న ప్రోబ్‌ల కొలత వింక్లర్ ఫలితానికి 0.2 మిల్లీగ్రాముల లోపే ఉంది. అంటే కోటింగ్ కొలతను చెడగొట్టడం లేదు. పాకుడును అది ఎంత కాలం ఆపుతుందో ఇంకా నిరూపించలేదు. ఒక చెరువులో మూడు రోజులు ఉంచి చూశాం, కానీ ఆ వ్యవధిలో పాకుడు పట్టదు కాబట్టి దాన్ని ఆధారంగా చూపడం లేదు. ఎలక్ట్రానిక్స్, రేడియో విడివిడిగా ల్యాబ్‌లో పనిచేశాయి, కోటింగ్ ఉన్న ప్రోబ్‌తో కలిపి పరీక్షించలేదు.”

నిరూపించినదీ, నిరూపించనిదీ పక్కపక్కనే ఉన్నాయి. ఫేజ్ 1 డబ్బు దేనికో చదివేవాడికి ఇక్కడే అర్థమైపోతుంది. తక్కువ అంకె రాస్తే డబ్బు రాదేమోనన్న భయం నాకూ ఉండేది. కానీ ఫేజ్ 1 పెట్టిందే ఈ దశ కోసం. 2, 3 మెట్ల మీద మొదలై 3, 4 దగ్గర ముగిసే ఫేజ్ 1 మామూలే. ఫేజ్ 2 చాలావరకు 5, 6 దాకా వెళ్తుంది. ఫేజ్ 3లో ఎస్‌బీఐఆర్ సొమ్ము ఉండదు, అమ్మకమో వేరే పెట్టుబడో తెచ్చుకోవాలి. 6 దగ్గర ఉన్నామని ఫేజ్ 1కి రాస్తే, మరి ఈ డబ్బుతో కనిపెట్టేదేముంది అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

మరీ కిందికి దిగి రాయడమూ వద్దు. చేతిలో నిజంగా బీకరు ఫలితాలుంటే 2 అని రాసి వినయం చూపించనక్కర్లేదు. చేసిన పనికి మీకు దక్కాల్సిన విలువే తగ్గిపోతుంది.

ఆరో అడుగు: ‘ఎక్కడికి చేరతాం’ను కొలతగా రాయండి

ఫేజ్ 1 చివరికి టీఆర్ఎల్ 4 చేరతాం అని రాస్తే సరిపోదు. చేరినట్టు ఎలా తెలుస్తుంది? ఏ కొలత వస్తే చేరినట్టు, ఏది వస్తే చేరనట్టు? మేం రాసినది ఇలాంటిది: కోటింగ్, ప్రోబ్, ఎలక్ట్రానిక్స్ కలిపిన సెట్లు చెరువు నీళ్లు నింపిన ల్యాబ్ తొట్టెలో నాలుగు వారాలు ఉండాలి, శుభ్రం చేయకుండా కొలత 0.3 మిల్లీగ్రాములకు మించి తప్పకూడదు, పక్కనున్న ఉత్త ప్రోబ్ ఆ నాలుగు వారాల్లోపే 0.3 దాటి తప్పాలి. చివరి షరతు ముఖ్యం. ఉత్త ప్రోబ్ కూడా బాగానే కొలిస్తే, మా తొట్టెలో పాకుడే పట్టలేదని అర్థం, పరీక్ష చెల్లదు.

0.3 ఎందుకు, 0.5 ఎందుకు కాదు అన్నదానికీ కారణం రాయండి. మా కారణం రైతు దగ్గర ఉంది: స్విచ్ వేసే గీత దగ్గర అరమిల్లీగ్రాము తప్పితే, ఏరియేటర్లు అనవసరంగా రాత్రంతా తిరిగి కరెంటు బిల్లు పెరుగుతుంది, లేదా ఆలస్యమై తెల్లారేసరికి చేపలు తేలతాయి.

ఒక ఫేజ్‌లో ఎన్ని మెట్లు ఎక్కొచ్చు? ఆరు నెలల ఫేజ్ 1లో ఒకటి. మహా అయితే రెండు, అదీ రెండోదానికి పరీక్ష చోటు ముందే సిద్ధంగా ఉంటే. ఇటీవలి ఏళ్లలో నాసా ఫేజ్ 1 ఆరు నెలలు, 150,000 డాలర్ల దాకా ఉంటోంది. ఆ డబ్బుతో 3 నుంచి 6కి వెళ్తామంటే బడ్జెట్ చదివినవాడెవడూ నమ్మడు. ఇద్దరు మనుషుల జీతం, తొట్టెలు, యూనివర్సిటీ వాటా తీసేస్తే మిగిలేదెంతో మీకే తెలుసు.

ఏడో అడుగు: వేరే కొలతలను ఇందులో కలపొద్దు

పేటెంటు దాఖలు చేశాం, ముగ్గురు రైతులు కొంటామన్నారు, తయారీదారుతో మాట్లాడాం. ఇవన్నీ విలువైనవే, కానీ ఇవి టీఆర్ఎల్‌ను పెంచవు. వ్యాపార భాగంలో రాయండి. తయారీకి వేరే కొలబద్ద ఉంది. రక్షణ శాఖ వాడే తయారీ సంసిద్ధత వరుసలో పది మెట్లున్నాయి. ఒక్క ప్రోబ్ చేత్తో చేయగలిగి, వంద చేయడం ఎలాగో ఇంకా తెలియని టెక్నాలజీలు ఎన్నో ఉన్నాయి. ఆ విషయం రిస్క్‌గా చెప్పండి, టీఆర్ఎల్ పేరాలో ఇరికించకండి.

ఎనిమిదో అడుగు: ప్రపోజల్ అంతటా ఒకే మాట ఉందా?

పంపే ముందు రోజు ఒక్క పని చేయండి. సారాంశం, టెక్నికల్ భాగం, పని ప్రణాళిక, ఫారం, వ్యాపార ప్రణాళిక, మద్దతు లేఖలు ప్రింట్ తీసి, టెక్నాలజీ స్థాయి గురించిన ప్రతి వాక్యం కింద గీత గీయండి. సారాంశంలో ‘ఫీల్డ్‌లో నిరూపితం’, ఫారంలో 3, వ్యాపార ప్రణాళికలో ‘వచ్చే ఏడాది అమ్మకాలు’ అని ఉంటే మూడింటిలో రెండు అబద్ధమవుతాయి. మాకు ఇలాంటివి నాలుగు దొరికాయి. ఒకటి యూనివర్సిటీ ప్రొఫెసర్ ఇచ్చిన మద్దతు లేఖలో ఉంది. మన మీద అభిమానంతో ‘పూర్తిగా సిద్ధమైన సాంకేతికత’ అని రాశారు. ఫోన్ చేసి, సర్, ఆ మాట మార్చగలరా అని అడిగితే నవ్వుతూ మార్చారు.

గీతలు గీశాక, ఆ పేరాను మీ రంగంతో సంబంధం లేని ఒకరి చేత చదివించండి. నేను మా ఆవిడకు ఇచ్చాను, తను అకౌంటెంట్. చదివాక రెండు ప్రశ్నలు అడగండి: మేం ఇప్పటిదాకా ఏం చూపించాం? ఈ డబ్బుతో ఏం తేలుస్తాం? కాగితం చూడకుండా తను చెప్పిన జవాబు: “మీ పూత కొలతను పాడు చేయట్లేదని చూపించారు. పాకుడు ఆపుతుందో లేదో నాలుగు వారాలు చూస్తారు.” ఆ రాత్రే పంపేశాం.